ఇరుసు ఏడుపు

కారు నలభై మైళ్ల వేగం అందుకోగానే వెనక సీటు కింద సన్నగా మొదలై, యాభైకి గొంతెత్తి, కాలు తీయగానే వెక్కిళ్లలోకి దిగే చప్పుడొకటి ఉంటుంది. ఇరుసు నడుమ ఉన్న రెండు పళ్లచక్రాలకు పొత్తు కుదరకపోతే వచ్చే చప్పుడది. బెజవాడ ఆటోనగర్లో దాన్ని ఏడుపు అంటారు. పక్కవాడి బాగు చూసి ఓర్వలేకపోవడాన్ని కూడా ఆ ఊళ్లో ఏడుపనే అంటారు. మొదటి ఏడుపును ఏసుపాదం మేస్త్రి వీధి మలుపులోనే పట్టేవాడు. రెండోది పదకొండేళ్లుగా అతనిలోనే ఉంది. అది అతనికి వినపడేది కాదు. అతని భార్య అమలమ్మకు వినపడేది.

ఆ ఏడుపుకొక పేరుంది. అబ్దుల్ రవూఫ్.

ఇద్దరూ గవర్నరుపేటలో నాగుల్ మీరా మేస్త్రి కింద పని నేర్చినవాళ్లే. ఏసుపాదం ముందొచ్చాడు. అయిదేళ్ల తర్వాత వచ్చిన రవూఫ్‌కి స్పానరు పట్టుకోవడం చూపించింది కూడా అతనే. చూపు మందగించి పని మానుకున్న రోజున ముసలాయన ఇద్దరినీ పిలిచాడు. గాజుమూత కింద ముల్లు వణికే, వెంట్రుకవాసి తేడాను కూడా కొలిచే తన డయల్ గేజిని రవూఫ్ చేతిలో పెట్టాడు. ఏసుపాదానికి తన ఇత్తడి సుత్తి ఇచ్చాడు.

“నీకు చెయ్యుంది ఏసూ. నీకు గేజెందుకురా?” అన్నాడు.

ఆ మాటను ఏసుపాదం పదకొండేళ్లు నమిలాడు. పొద్దున్నపూట అది మెప్పులా ఉండేది. పొద్దువాలేసరికి చేదెక్కేది.

ఇప్పుడు ఆటోనగర్లో ఇద్దరి రేకుల షెడ్లూ ఎదురెదురు. మధ్య ఇరవై అడుగుల మట్టిదారి. నీడ అటు పడేది, ఎండ ఇటు పడేది. టీ గ్లాసులు ముందు అటే వెళ్లేవి. పని ముగిశాక రవూఫ్ చేతులు కడుక్కుంటే అరచేతులు మల్లెమొగ్గల రంగుకు వచ్చేవి. ఏసుపాదం గోళ్లలోని నల్లటి నెలవంకలు ఆదివారం చర్చి పూజలో కూడా అస్తమించేవి కావు. రవూఫ్ నవ్వు చూసినా, అతని చొక్కా మడత చూసినా, చివరికి అతని సైకిలు బెల్లు విన్నా ఏసుపాదం గుండెలో ఒక మర సడలేది. తన బెల్లు దగ్గేది. అతనిది పాడేది.

ఇంజనుకు, బ్రేకులకు, గేరుపెట్టెకు ఏసుపాదం దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది. వెనక ఇరుసు మాత్రం రోడ్డు దాటి అటు పోయేది. “ఏసుపాదం బిగిస్తే బండి నడుస్తది. రవూఫ్ బిగిస్తే నడుస్తందన్న సంగతే తెలవదు,” అనేవాళ్లు డ్రైవర్లు. నిజానికి ఏసుపాదం బిగించిన ఇరుసుల్లో సగం కాలువనీళ్లలా మెత్తగా పోయేవి. మిగతా సగం ఏడ్చేవి. అదే చెయ్యి, అదే సుత్తి, ఓర్పు కూడా అదే. సగమే ఎందుకు ఏడుస్తున్నాయో తెలియకపోవడం అతన్ని చెదపురుగులా తినేది.

అతను బయటపెట్టని సంగతి ఇంకొకటుంది. ఇంజను తిప్పుడును అందుకునే చిన్న పళ్లచక్రాన్ని పినియన్ అంటారు. కంచమంత పెద్ద చక్రం క్రౌను. రెంటినీ ఫ్యాక్టరీలోనే జతకట్టి, ఒకే నంబరు వేసి పంపుతారు. పినియన్ మొహం మీద, కరెంటు కలంతో గీకినట్టు, మరో చిన్న గుర్తు కూడా ఉంటుంది. కొన్నిటి మీద అడ్డగీత, కొన్నిటి మీద శిలువ, పక్కనే ఒక అంకె. శిలువ కింది కొమ్మ కాస్త పొడుగ్గా, గుణదల కొండమీద ఉన్నదాని లాగే ఉండేది. ఎక్కడో దూరాన, పేరు తెలియని ఫ్యాక్టరీలో, తనలాంటి విశ్వాసి ఒకడు ఆ ఇనుమును దీవించి పంపుతున్నాడని ఏసుపాదం నమ్మాడు. శిలువ ఉన్న పినియన్ చేతికొస్తే కళ్లకద్దుకుని గాని బిగించేవాడు కాదు. చిత్రమేమిటంటే ఎక్కువగా ఏడ్చేవి ఆ శిలువ ఉన్నవే. ఒకసారి ఉండబట్టలేక అమలమ్మతో ఆ మాట అన్నాడు.

“శిలువ కింద ఏడుపు గాక నవ్వులుంటయ్యా?” అంది ఆమె చేటలో బియ్యం ఎగరేస్తూ.

డెబ్బై అయిదో సంవత్సరం ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ల రెండో రోజున, పామర్రు పుల్లయ్య తన అంబాసిడర్‌లో తొమ్మిదిమంది యాత్రికులను కుక్కుకొస్తుంటే పోరంకి దగ్గర ఇరుసులో పళ్లు రాలిపోయాయి. బండిని తాడుకట్టి లాక్కొచ్చి ఏసుపాదం షెడ్డు ముందు నిలిపారు. దాని వెనక పసుపు అక్షరాలతో ‘నన్ను చూసి ఏడవకు’ అని రాసి ఉంది. నిరుడు పాత పళ్లచక్రాలే ఉంచి, బేరింగులు మాత్రం మార్చి ఆ ఇరుసును బాగుచేసింది ఏసుపాదమే. అప్పటినుంచి అది ఏడుస్తూనే ఉంది.

“మేస్త్రీ, సంవత్సరం బట్టి నవ్వులపాలయ్యా,” అన్నాడు పుల్లయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ. “మమ్మల్ని ఏడవొద్దంటావు, నీ బండే ఏడుస్తందేవయ్యా అని ఆడోళ్లు కూడా అంటన్నారు. నిజం చెప్తున్నా, నా కాళ్లు రవూఫ్ షెడ్డుకే పోయినయ్. మొగమాటం ఇటు లాక్కొచ్చింది. ఇదే ఆఖరు. ఈసారి కూడా ఏడ్చిందంటే పామర్రు స్టాండులో ఉన్న నాలుగు బండ్లూ అటు పోతయ్. నేను ఆపలేను.”

ఎదురుగా రవూఫ్ తలెత్తి చూశాడు. చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి తెల్లగా ఉంది.

ఏసుపాదం ఇరుసు మధ్యభాగాన్ని విప్పి, కొత్త పళ్లచక్రాల జతతో సహా గోనెలో చుట్టి, రిక్షాలో వేసుకుని ఇంటికి పోయాడు. ఈ పని రవూఫ్ కళ్లముందు చేయదలచుకోలేదు. తప్పు చేస్తే అతను చూస్తాడు. ఒప్పు చేసినా చూస్తాడు. రెండూ భరించలేనివే.

గుణదలలో కొండవాలున ఒంటిగది ఇల్లు, ముందు తాటాకు పంచ. గోనెను దించుతుంటే అమలమ్మ గుమ్మంలోకి వచ్చింది.

“ఏందయ్యా అది? పండక్కి పందిపిల్లనేవన్నా తెచ్చావా?”

“ఇరుసు.”

“షెడ్డు కాలిపోయిందా?”

“అక్కడ గాలాడటల్లేదు.”

“ఎదురుషెడ్డు గాలేగా పడంది?” అని ఆమె చాప పరిచింది.

తిరునాళ్ల ఆఖరి రోజంతా అతను ఆ చాప మీదే ఉన్నాడు. కొండమీద మైకుల్లో జపమాల సాగుతోంది. దారిన వేల కాళ్లు పోతున్నాయి. కొబ్బరికాయల నీళ్లు, కొవ్వొత్తుల మైనం, దుమ్ము కలిసిన వాసన పంచలోకి వచ్చి కూర్చుంది. కొత్త పినియన్ మొహం మీద శిలువ ఉంది. పక్కన మూడు అంకె. కళ్లకద్దుకున్నాడు. పాత బేరింగును సుత్తితో పగలగొట్టి, పాత పినియన్ తల వెనక ఉండే ఉక్కు వాషరునే తీసి కొత్తదానికి తొడిగాడు. తీసింది తీసినట్టే పెట్టమని నాగుల్ మీరా మేస్త్రి చెప్పిన పాఠం. బేరింగులు బిగించాడు. నూనెలో సింధూరం కలిపి క్రౌను పళ్లకు పట్టించి, చేత్తో మెల్లగా తిప్పాడు. పన్నుకు పన్ను తగిలిన చోట ఎరుపు చెరిగి ఇనుము బయటపడుతుంది. ఆ చెరుపు పంటి నడుమ పడితే నిశ్శబ్దం. అంచునో మొదట్లోనో పడితే ఏడుపు.

మొదట్లో పడింది.

క్రౌనును కుడికి జరిపాడు. మచ్చ పంటి పొడుగునా పాకింది గాని పైకి రాలేదు. ఎడమకు జరిపాడు. అటు పాకింది. మధ్యాహ్నానికి అతని వేళ్లు పారాణి పెట్టుకున్న పెళ్లికూతురి పాదాల్లా ఉన్నాయి. మచ్చ మాత్రం అక్కడే, పంటి మొదట్లో, మొండిగా కూర్చుంది. రవూఫ్ అయితే ఈపాటికి చేతులు కడుక్కుని ఉండేవాడు.

“తిని చేసుకోరాదూ?” అంది అమలమ్మ.

“ఆకల్లేదు.”

“నీకు ఆకల్లేకగాదు. నీ కడుపులో రవూఫ్ కూర్చున్నాడు. అన్నానికి చోటేదీ?”

పొద్దువాలే వేళకు అతనికి ఒకటి తోచింది. క్రౌను ఎటు జరిగినా లాభం లేకపోతే లోపం పినియన్ తలవెనకే ఉండాలి. ఆ వాషరును చూడాలంటే బేరింగును ఊడలాగాలి. కొక్కేల కాళ్లతో పట్టి ఊడలాగే పుల్లరు తన దగ్గర ఒంటికాలితో ఉంది. మంచి పుల్లరు ఆటోనగర్లో ఒక్కచోటే ఉంది.

మర్నాడు విభూది బుధవారం, నలభై రోజుల ఉపవాసాలకు మొదలు. గుడిలో సామివారు బొటనవేలితో అతని నుదుట బూడిద శిలువ గీశాడు. మన్ను మంటిలో కలుస్తుందన్న మాట చెవిలో ఉండగానే ఏసుపాదం సైకిలెక్కి ఆటోనగరు పోయాడు. మట్టిదారి దాటాడు. ఆ ఇరవై అడుగులు దాటడం అతనికి పదకొండేళ్లలో అదే మొదటిసారి.

“రా అన్నా, రా,” అన్నాడు రవూఫ్ లేచి నిలబడి. “గుడి నుంచేనా? టీ చెప్పనా, ఒక్కపొద్దా?”

“ఒక్కపొద్దు. బేరింగు పుల్లరు కావాలి. నాది కాలిరిగింది.”

“దానికి అడగాలా? తీసుకుపో.”

అడగాల్సొచ్చినందుకే ఏసుపాదం అతని మొహం చూడలేదు. పుల్లరు కోసం గోడవైపు తిరిగాడు. అప్పుడు చూశాడు. గోడమీద సుద్దముక్కతో వరసగా శిలువలు. శిలువ పక్కన అంకె, అడ్డగీత పక్కన అంకె, పక్కన బండ్ల నంబర్లు. పది, పదిహేను శిలువలు.

గేజి పోయింది, టీ గ్లాసు పోయింది, పేరు పోయింది. ఎవరికీ చెప్పకుండా కళ్లకద్దుకుని దాచుకున్నది ఒక్కటి మిగిలింది. అది కూడా ఇక్కడే, ఈ గోడమీద, ఇతని సుద్దముక్క కింద ఉంది.

“ఏందయ్యా ఇది?” అన్నాడు. “గోడనిండా శిలువలేందీ? మమ్మల్ని ఎగతాళి పట్టటానికా? లేక మాకు మిగిలిన ఈ ఒక్కటి కూడా నీకే గావాల్నా?”

బల్లమీద టీ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లు గ్లాసులు దించారు. రవూఫ్ అయోమయంగా గోడను చూశాడు. ఏసుపాదం నుదురు చూశాడు. మళ్లీ గోడను చూశాడు. అతని పెదవి కొస నవ్వుకు లేచి, అక్కడే ఆగిపోయింది. డ్రైవర్లలో ఒకడు మాత్రం ఆపుకోలేక కిసుక్కుమన్నాడు.

“మీరు లేవండయ్యా,” అన్నాడు రవూఫ్ వాళ్లతో. “ఇంజను చల్లారింది. పోయి నీళ్లు పోసుకోండి.”

వాళ్లు వెళ్లాక గొంతు తగ్గించాడు. “అన్నా, నీ నుదుటిమీద ఉందే, అది శిలువ. ఇది ప్లస్సు. కూడిక గుర్తు. అడ్డగీత మైనస్సు. పినియన్ తల ఎంత ముందుకుండాలో, ఎంత వెనక్కుండాలో ఫ్యాక్టరీవోళ్లు కొలిచి రాస్తారు. దాన్నిబట్టి వాషరు మార్చుకోవాల.”

ఏసుపాదం రెండో తరగతిలో కూడికలు చేసినవాడే. కానీ ఇనుము నుదుటిమీద లెక్కలు ఉంటాయని ఎవరనుకుంటారు? కళ్లకద్దుకున్న పినియన్లన్నీ ఒక్కొక్కటే అతని ముందు నిలబడ్డాయి. కొండపల్లి డాక్టరుగారి కారు, ఉయ్యూరు టాక్సీ, ఇంట్లో చాపమీదున్న పుల్లయ్య కొత్త పినియన్. అన్నీ మొర పెట్టుకున్నాయి. తను దీవెన అనుకున్నాడు.

“ప్లస్సంటే వాషరు మందం చెయ్యాల్నా?” అన్నాడు.

“అందరం పడేది అక్కడే. ప్లస్సుంటే తియ్యాల, మైనస్సుంటే కలపాల. తిరకాసు. పెట్టెలో ఇంగ్లీషు కాగితం వస్తది చూడు, మా అమ్మాయి అన్వరి బడిలో చదివించుకొచ్చి చెప్పిందాకా నేనూ మూడు ఇరుసుల్ని ఏడిపించా.”

“మరి నాకెందుకు చెప్పలా?”

“నీకు తెలుసనుకున్నాగా!” అన్నాడు రవూఫ్. “పినియన్ చేతికొస్తే కళ్లదగ్గర పెట్టుకుంటావు. ఇక్కణ్ణుంచి చూసేవోణ్ణి. గుర్తు చదువుతున్నాడనుకున్నా. గేజి లేదు, అద్దాల్లేవు, ఉత్తకంటితోనే చదివేస్తన్నాడు, మేస్త్రి చెయ్యుందన్నది ఇందుకేనని నాకు ఎంత ఏడుపొచ్చేదో నీకేం తెలుసు?”

అంత ఏడుపునూ అంత తేలిగ్గా, పళ్లన్నీ కనపడేట్టు చెప్పేశాడు. ఏసుపాదానికి అదీ కుళ్లుగానే ఉంది. తనకు పదకొండేళ్లు పట్టినా ఒక్క ముక్క బయటికి రాలేదు. పుల్లరు భుజాన వేసుకుని సైకిలెక్కాడు.

ఇంటికొచ్చి, “కొత్త పెట్టెల్లో వచ్చే కాగితాలేం చేస్తన్నావ్?” అని అడిగాడు అమలమ్మను.

“అలమరలో పరుస్తన్నా. ఊరగాయ జాడీల కింద.”

జాడీ ఎత్తితే నూనె మరకల మధ్య బొమ్మ ఉంది. పినియన్, దాని నుదుట ప్లస్సు, వాషరు వైపు ఒక బాణం. ఎన్నేళ్ల నుంచి ఉందో. మామిడికాయ కారం కింద, ప్రతిరోజూ అతను చెయ్యి పెట్టే చోట.

పాత పినియన్ను తుడిచి చూశాడు. అడ్డగీత, రెండు. కొత్తదానిమీద ప్లస్సు, మూడు. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. అయిదు తియ్యాలి. వెయ్యి పాళ్లుగా కోసిన అంగుళంలో అయిదు పాళ్లు. తన జపాల పుస్తకంలో రెండాకులంత మందం. ఆ రెండాకుల కోసమే ఇన్నేళ్లు ఎదురుషెడ్డును చూసి నిద్ర చెడగొట్టుకున్నాడు.

పుల్లరుతో బేరింగు ఊడలాగి, వాషర్ల డబ్బాలో అంత మేరకు పల్చటిది వెతికి తీశాడు. పినియన్ను చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ చెయ్యి కళ్లవరకు లేచింది. లేచాక ఆపలేదు. కళ్లకద్దుకున్నాడు, ఆ తర్వాతే పల్చటి వాషరు తొడిగాడు. సింధూరం పూసి తిప్పాడు. పంటి సరిగ్గా నడుమ, వెలగపండు మీద పడ్డ వేలిముద్రలా, మచ్చ వచ్చి కూర్చుంది. తర్వాత రెండు చక్రాల మధ్య ఉండాల్సిన వదులును వేళ్లతోనే చూసుకుంటూ సరిచేశాడు. పిలిస్తే పలికేంత వదులు, ఒరుసుకోనంత దూరం. అందుకు గేజి అక్కర్లేదు. ఆ చెయ్యి నిజంగానే అతనికి ఉంది.

గురువారం పొద్దున్నే బండి బందరు రోడ్డెక్కింది. పుల్లయ్య తోలుతున్నాడు. ఏసుపాదం వెనక సీట్లో, చెవి సీటుకానించి, పసిబిడ్డ ఊపిరి వినే తల్లిలా ఒరిగాడు. పక్కన కాలువ ఒండునీళ్లతో పోతోంది. నలభై. చప్పుడు లేదు. కంకిపాడు దాటాక యాభై. చప్పుడు లేదు. పుల్లయ్య కాలు తీశాడు. వెక్కిళ్లు లేవు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ తీపి వాసన కిటికీలోంచి వచ్చి వాళ్లిద్దరి మధ్య కూర్చుంది.

“మేస్త్రీ!” అన్నాడు పుల్లయ్య, గొంతు తగ్గించి, ఏదో నిద్రలేస్తుందని భయపడ్డట్టు. “ఇదిగో చెప్తున్నా విను. రవూఫ్ అయినా ఇంత మెత్తగా చెయ్యలేడు. నీ తర్వాతే రవూఫ్.”

పదకొండేళ్లుగా వినాలనుకున్న మాట. ఏసుపాదం దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించాడు. తీపి రాలేదు. ఉయ్యూరు నుంచి పామర్రు వరకూ దాన్ని అటూ ఇటూ పొర్లించాడు. ఊరుకుంటే పోయేది. ఎవరికీ తెలియదు. కానీ ఇరుసు అంత నిశ్శబ్దంగా ఉంటే అతని లోపలిది అతనికే మొదటిసారి వినపడుతోంది, సన్నగా, యాభై మైళ్ల వేగాన.

పామర్రు స్టాండులో మిగతా మూడు బండ్ల డ్రైవర్లు చుట్టూ చేరారు. పుల్లయ్య కొత్త పెళ్లికొడుకులా దిగి, “ఎక్కండ్రా, ఒక రౌండేసి రండి, గుండెకాయ చప్పుడు తప్ప ఇంకోటి వినపడితే నన్నడగండి,” అంటున్నాడు. “మా మేస్త్రి ముందు రవూఫ్ ఎంత?”

“అట్టా అనమాక,” అన్నాడు ఏసుపాదం. “పినియన్ మీద గుర్తు చదవటం నాకు తెలవదు. నిన్న రవూఫే చెప్పాడు.”

పుల్లయ్య నోరు తెరుచుకుంది. ఒక డ్రైవరు బీడీ పారేసి అన్నాడు: “చూశావా! ఎదురుషెడ్డువోడికి పని నేర్పిచ్చాడంటే, ఎంత మంచోడయ్యా రవూఫ్!”

“అవునయ్యా, ఎంత మంచోడు!” అన్నారు మిగతావాళ్లు.

ఏసుపాదానికి అరికాళ్ల నుంచి మండుకొచ్చింది. నిజం చెప్పింది తను. గొంతులో ముల్లు ఊడబెరుక్కున్నది తను. మంచివాడన్న పేరు మాత్రం రోడ్డు దాటి మళ్లీ అటే పోయింది.

“అయితే మేస్త్రీ,” అన్నాడు ఆ బీడీ డ్రైవరే, “నా బండి ఇరుసూ ఏడుస్తంది. సోమారం తోలుకొస్తా. నీ దగ్గరికా, ఆయన దగ్గరికా?”

“నా దగ్గరికి,” అన్నాడు ఏసుపాదం గబగబా. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. కాస్త ఆగి అతనూ నవ్వాడు.

తిరుగు ప్రయాణం బస్సులో. చక్రాల మీద సీటు దొరికింది. కంకిపాడు దగ్గర బస్సు వేగం అందుకోగానే కింద నుంచి సన్నగా ఏడుపు మొదలైంది. పక్కనున్న ముసలావిడ చెవులు మూసుకుంది. ఏసుపాదం తల కిటికీకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. దీని పినియన్ నుదుట కూడా ఏదో గుర్తు ఉంటుంది. దాన్ని చదవకుండానే ఎవడో బిగించాడు. ఎవడో గాని, వాణ్ణి చూసి మాత్రం ఏసుపాదానికి ఏ ఏడుపూ రాలేదు.